పిల్లలతో కలిసి జంతువుల బిస్కెట్లు: ఆకారం చెదరకుండా, గొడవ లేకుండా

మూడేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా ఉన్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏనుగులు, చేపలు, తాబేళ్ళ ఆకారంలో బిస్కెట్లు చేయాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఓవెన్ లేకపోయినా పర్వాలేదు, అచ్చులు లేకపోయినా పర్వాలేదు. రెండు విషయాలు మాత్రం మొదట్లోనే చెప్పేస్తాను, ఎందుకంటే మిగతాదంతా వీటి మీదే ఆధారపడి ఉంటుంది. ఒకటి, పిండి చల్లగా ఉన్నంతసేపే ఏనుగు ఏనుగులా ఉంటుంది. కాల్చకముందే వెన్న మెత్తబడిపోతే ఓవెన్‌లో పెట్టగానే అది పక్కలకి పాకి, తొండమూ కాళ్ళూ ఒకటైపోతాయి. రెండు, పిండి కలపడం, చల్లబెట్టడం, అచ్చు కొట్టడం, కాల్చడం, కళ్ళు ముక్కులు పెట్టడం అన్నీ ఒకే పూట పెట్టుకుంటే పిల్లలకి ఓపిక ఉండదు, మీకు టెన్షన్. పిండి ముందురోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసి, మర్నాడు పొద్దున్న పిల్లలకి అసలు సరదా ఉన్న పనే ఇవ్వండి.

ఏ జంతువు చేయాలి

పిల్లల్నే అడగండి, కానీ మీరు ముందే అనుకున్న నాలుగైదింటిలోంచి ఎంచుకోమనండి. బిస్కెట్ పిండికి నప్పేవి ఒళ్ళు గుండ్రంగా, కాళ్ళు పొట్టిగా ఉండేవి: ఏనుగు, తాబేలు, చేప, బాతు, కోడిపెట్ట, పిల్లి ముఖం, కుందేలు ముఖం. జిరాఫీ మెడ, కోతి తోక, కొంగ కాళ్ళలాంటి సన్నటి భాగాలు ముందుగా కాలిపోతాయి. ఒళ్ళు సరిగ్గా కాలేసరికి తోక నల్లబడుతుంది, ట్రేలోంచి తీసేటప్పుడు పుటుక్కున విరుగుతుంది, ఇక ఏడుపు మొదలు.

మన రెండు రాష్ట్రాల జంతువులూ జింకలే. తెలంగాణది చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. బడిలో ఇది నేర్చుకుని వచ్చిన పిల్లలు జింకే కావాలని పట్టుబడితే వద్దనకండి, పడుకున్న జింక చేయండి. కోడిగుడ్డు ఆకారంలో ఒళ్ళు, దానికి ఆనించిన చిన్న తల, కాళ్ళు కడుపు కింద మడిచినట్టు పుల్లతో రెండు గీతలు, అంతే. ఒంటి మీద తెల్ల నువ్వులు అద్దితే చుక్కల జింక అయిపోతుంది. కొమ్ములు పిండితో పెట్టొద్దు, కాల్చాక ఐసింగ్‌తో గీయొచ్చు.

అచ్చులు కొనేటట్టయితే ఆరేడు సెంటీమీటర్ల వెడల్పు ఉన్నవి తీసుకోండి. మరీ చిన్నవైతే చెవుల్లో పిండి ఇరుక్కుంటుంది, మరీ పెద్దవైతే పిల్లలు ఎత్తేటప్పుడు మధ్యకి విరుగుతాయి. స్టీలు అచ్చుకి ఒక అంచు మడిచి మొద్దుగా ఉంటుంది, రెండో అంచు పదునుగా ఉంటుంది. చిన్నవాళ్ళు హడావిడిలో తిరగేసి పట్టుకుని పదును వైపు అరచేత్తో నొక్కేస్తారు కాబట్టి మొద్దు అంచు చుట్టూ రంగు టేపు అంటించి, "రంగు పైకి ఉండాలి" అని చెప్పండి. మూడేళ్ళ పిల్లలైతే ప్లాస్టిక్ అచ్చులే మంచివి.

అచ్చులు లేకపోతే నిజానికి ఇంకా సరదా. స్టీలు గ్లాసుతో పెద్ద గుండ్రం, వాటర్ బాటిల్ మూతతో చిన్న గుండ్రాలు కొట్టుకుంటే చాలు. పెద్ద గుండ్రానికి పైన రెండు చిన్నవి అతికిస్తే ఎలుగుబంటి, చిన్న గుండ్రాన్ని సగానికి కోసి చెవులు పెడితే పిల్లి, చుట్టూ నాలుగు కాళ్ళూ ఒక తలా పెడితే తాబేలు. అతికే చోట వేలు పాలల్లో ముంచి తడి చేసి, ముక్కలు పక్కపక్కన ఆనించకుండా కొంచెం ఒకదాని మీదకి ఒకటి ఎక్కేలా పెట్టి నొక్కాలి, లేకపోతే కాల్చాక ఊడిపోతాయి. మరీ చిన్నవాళ్ళకి నత్త: పిండిని తాడులా పేని, చుట్టగా చుట్టి, చివర కొంచెం బయటికి వదిలితే తల. సంక్రాంతికి గవ్వలు చేసుకునే గవ్వల చెక్క ఇంట్లో ఉంటే దాని మీద పిండి ముద్దని నొక్కి చూడండి, మొసలి వీపు గీతలు ఎంత బాగా పడతాయో. పిల్లలు ఇక ఆ చెక్క వదలరు.

సామాను, కొలతలు

పాతిక నుంచి ముప్ఫై బిస్కెట్లకి: మైదా 230 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 20 గ్రాములు, ఉప్పు లేని వెన్న 125 గ్రాములు, పంచదార పొడి 90 గ్రాములు, నాలుగు యాలకుల పొడి లేదా అర టీస్పూన్ వెనీలా ఎసెన్స్, చిటికెడు ఉప్పు, కాచి చల్లార్చిన పాలు ఒకటి రెండు టేబుల్ స్పూన్లు. ఉప్పున్న వెన్నే దొరికితే అదే వాడండి, విడిగా ఉప్పు వేయకండి. గుడ్డు అవసరం లేదు.

బేకింగ్ పౌడర్ ఎక్కడా రాయలేదని గమనించారా? మరిచిపోయి కాదు. అది బిస్కెట్‌ని పొంగిస్తుంది, పొంగితే అంచులు గుండ్రబడి కుందేలు చెవులు మొండి అవుతాయి. ఆకారం కావాలంటే పొంగు ఉండకూడదు. కార్న్‌ఫ్లోర్ కూడా ఇందుకే, మైదాలో సాగే గుణాన్ని తగ్గించి బిస్కెట్‌ని గుల్లగా ఉంచుతుంది. పంచదార కూడా పొడిగానే ఉండాలి, పలుకుగా ఉంటే కరుగుతూ పిండిని పక్కలకి లాగుతుంది. మిక్సీలో వేసి మెత్తగా తిప్పి జల్లించుకోండి.

వెన్న బదులు నెయ్యి వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. రుచికి బాగుంటుంది కానీ ఆకారానికి పనికిరాదు, నెయ్యి వేసిన పిండి నాన్‌ఖటాయీలాగే పగిలి పరుచుకుంటుంది. ఇంట్లో చిలికిన వెన్న వాడేటట్టయితే అందులో నీరు ఎక్కువ ఉంటుంది, చల్లటి నీళ్ళలో రెండుసార్లు కడిగి, చేత్తో గట్టిగా పిండి, ఫ్రిజ్‌లో పెట్టి వాడండి, పాలు అసలు వేయకండి.

గోధుమపిండి కలపాలంటే మైదాలో సగం దాకా మార్చుకోవచ్చు, అప్పుడు పాలు ఇంకో చెంచా పడతాయి, బిస్కెట్ కొంచెం గట్టిగా వస్తుంది. రాగిపిండి పావు వంతు మించితే కాళ్ళు విరుగుతాయి, దానికి పట్టు తక్కువ. బెల్లం పొడి పంచదార కంటే తొందరగా రంగు తిరుగుతుంది, కొంచెం పాకుతుంది కూడా, కాబట్టి బెల్లంతో చేసే రోజు తాబేలు, చేపలాంటి మొద్దు ఆకారాలే పెట్టుకుని మంట తగ్గించండి.

ముందురోజు రాత్రి: పిండి

వెన్నని వేలితో నొక్కితే గుంట పడాలి కానీ మెరుస్తూ కారకూడదు. మన వేసవిలో ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకే ఈ స్థితికి వచ్చేస్తుంది, అందుకే ఏప్రిల్, మే నెలల్లో వెన్న బయట పెట్టి వేరే పనిలోకి వెళ్ళకండి. వెన్న, పంచదార పొడి, యాలకుల పొడి, ఉప్పు కలిపి చెక్క గరిటెతో రెండు నిమిషాలు రుద్దండి, అంతకు మించి అక్కర్లేదు. కేక్‌కైతే తెల్లగా, తేలిగ్గా అయ్యేదాకా గిలక్కొడతాం, ఇక్కడ అలా చేస్తే లోపల గాలి చేరి బిస్కెట్ ఉబ్బుతుంది.

మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపి జల్లించి వేసి, వేళ్ళ కొసలతో కలపండి. మొదట పొడిపొడిగా ఉంటుంది, పాలు కావాలనిపిస్తుంది, కానీ ఆగండి. గుప్పెట్లో పట్టి నొక్కి చూడండి, తడి ఇసుకలా ముద్ద కట్టి నిలబడితే పాలు దాదాపు అక్కర్లేదు. విడిపోతుంటేనే ఒక్కొక్క చెంచా వేసి దగ్గరికి తీసుకోండి. చపాతీ పిండి పిసికినట్టు మాత్రం పిసకొద్దు, ఎంత పిసికితే అంత సాగుతుంది, అచ్చు కొట్టాక వెనక్కి ముడుచుకుని ఏనుగు కాస్తా పందిపిల్ల అవుతుంది.

ఇప్పుడు ఈ ముద్దని మూడు భాగాలు చేయండి. రెండు పెద్దవి, ఒకటి నిమ్మకాయంత చిన్నది. పెద్దవి అచ్చులకి, చిన్నది ఆట ముద్ద. దీని సంగతి తర్వాత చెబుతాను. పెద్ద వాటిని గుండ్రటి బంతిలా కాకుండా అరచేత్తో తట్టి బిళ్ళల్లా చేసి, కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బిళ్ళ అయితే అంతటా సమంగా చల్లబడుతుంది, మర్నాడు ఒత్తడం తేలిక.

మర్నాడు పొద్దున్న: పిల్లల గంట

పొద్దున్నే ఎందుకంటే వంటిల్లు చల్లగా ఉంటుంది, పిల్లలూ నిద్ర తీరి ఉంటారు. కడుపు నిండా టిఫిన్ పెట్టాకే మొదలుపెట్టండి, ఆకలితో ఉంటే పచ్చి పిండి నోట్లోకి పోతుంది. అది వద్దు. గుడ్డు లేకపోయినా సరే, పచ్చి మైదాలో కూడా కడుపు పాడుచేసే బాక్టీరియా ఉండే అవకాశం ఉంది, కాలితేనే పోతుంది. "కాలాక తిందాం" అన్న ఒక్క మాట మొదట్లోనే ఒప్పించుకోండి, తినాలనిపిస్తే అరటిపండు ముక్కలు పక్కన ఉంచండి.

నేల మీద శుభ్రమైన దుప్పటి పరిచి అందరూ కింద కూర్చుంటే పిల్లలు బల్ల ఎక్కి పడతారన్న భయం ఉండదు, పిండి చిందినా దుప్పటి దులిపేస్తే సరిపోతుంది. గోళ్ళు కత్తిరించి, చేతులు సబ్బుతో కడిగించి, జుట్టు వెనక్కి కట్టండి.

పిండి బిళ్ళ ఒక్కటే బయటికి తీయండి, రెండోది ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఐదు నిమిషాలు ఆగి, రెండు కాగితాల మధ్య పెట్టి ఒత్తండి. బేకింగ్ పేపర్ ఉంటే మేలు. కొట్లో బటర్ పేపర్ అని అమ్మేవాటిలో అన్నీ వేడికి ఆగవు, ఓవెన్‌లో వాడొచ్చని ప్యాకెట్ మీద ఉంటేనే ట్రేలో వేయండి, లేదంటే ఒత్తడానికి వాడుకుని, ట్రేకి వెన్న రాసి మైదా చల్లుకోండి. మందం అర సెంటీమీటరు ఉండాలి. అది కళ్ళతో కొలవడం కష్టం, అందుకని స్కూలు స్కేళ్ళు నాలుగు తీసుకుని రెండేసి చొప్పున ఒకదాని మీద ఒకటి పెట్టి, పిండికి అటూ ఇటూ పట్టాల్లా ఉంచండి. అప్పడాల కర్ర ఆ స్కేళ్ళ మీద దొర్లితే పిండి అంతటా ఒకే మందంలో వస్తుంది, ఐదేళ్ళ పిల్లలు కూడా సరిగ్గా ఒత్తేస్తారు. ఈ పని వాళ్ళకి ఎంత గర్వమో చూడాలి.

ఒత్తిన పిండిని కాగితంతో సహా పళ్ళెంలో పెట్టి పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్ అయితే ఏడెనిమిది నిమిషాలు. పిల్లలు కుదురుగా ఉండని సమయం ఇదే, ఆట ముద్ద ఉన్నది దీనికోసమే. చిన్న ముద్దని పంచి ఇచ్చేయండి, పేనుకుంటారో, పిసుక్కుంటారో, పాము చేస్తారో నత్త చేస్తారో వాళ్ళిష్టం. వాళ్ళు పిసకాల్సిందంతా అందులో పిసికేస్తే అచ్చుల పిండి పాడవకుండా ఉంటుంది.

చల్లబడిన పిండి బయటికి వచ్చాక వేగంగా కదలాలి. అచ్చుని మైదాలో ముంచి, నిటారుగా కిందికి నొక్కి, తిప్పకుండా నిటారుగా పైకి తీయాలి. అందరూ తడబడే చోటు దీని తర్వాతే ఉంది: కొట్టిన ఏనుగుని చేత్తో ఎత్తాలని చూస్తారు, తొండం చేతిలో, ఒళ్ళు కాగితం మీద. ఏనుగుని కదపకండి, దాని చుట్టూ ఉన్న పిండిని లాగేయండి. ఒక మూల నుంచి మెల్లగా పైకి తీస్తే చుట్టూ ఉన్నది జాలీలా లేచి వస్తుంది, జంతువులు కాగితం మీద కూర్చున్న చోటే ఉంటాయి. ఆ కాగితాన్ని అలాగే జరిపి ట్రేలో పెట్టేయొచ్చు. అందుకే అచ్చులు కొట్టేటప్పుడే మధ్యలో వేలెడు ఖాళీ వదిలేలా చూడండి.

ఎవరికి ఏ పని అంటే, మూడేళ్ళవాళ్ళు అచ్చు నొక్కగలరు, నువ్వులు చల్లగలరు. నాలుగైదేళ్ళవాళ్ళు ముక్కలు అతికించగలరు, పుల్లతో రెక్కలూ పొలుసులూ గీయగలరు. ఆరు దాటితే కొలవడం, ఒత్తడం, టైమ్ చూసి చెప్పడం వాళ్ళకే వదిలేయండి. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే కాగితం అంచున పెన్సిల్‌తో ఎవరి వరుస పక్కన వాళ్ళ పేరు రాయండి, కాలాక "ఇది నాది" అన్న గొడవ ఉండదు.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. పిల్లలు చేసిన దాన్ని సరిచేయకండి. మూడు కళ్ళ చేప అయినా, తోక ముఖానికి అతికించిన పిల్లి అయినా సరే, విరిగే ప్రమాదం ఉన్న చోట కొంచెం నొక్కడం తప్ప ఇంకేం చేయకండి. వాళ్ళకి తెలియకుండా మీరు అందంగా మార్చేస్తే కాలి బయటికి వచ్చాక "నేను చేసింది ఏది?" అని వెతుకుతారు. చక్కటి ఆకారం మీద మనసుంటే మీ కోసం ఒక వరుస వేరే చేసుకోండి.

మిగిలిన తుంపుల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చి దగ్గరికి నొక్కి, మళ్ళీ ఒత్తి, మళ్ళీ చల్లబెట్టి కొట్టండి. రెండుసార్ల తర్వాత ఆ పిండి గట్టిపడుతుంది, అప్పుడు అది నత్తలకీ పాములకీ వెళ్తుంది.

కళ్ళు, రంగులు

కళ్ళకి నల్ల నువ్వులు చాలు, పెద్ద జంతువుకి ఎండుద్రాక్ష చిన్న ముక్క. ఎండుద్రాక్ష పైకి ఉంటే మాడి చేదెక్కుతుంది, పిండిలోకి బాగా గుచ్చండి. జీడిపప్పు, బాదం గింజలు అలాగే పెట్టొద్దు, చిన్నపిల్లల గొంతుకి అడ్డం పడతాయి. వేరే ఇంటి పిల్లలు వస్తుంటే నువ్వులు, పాలు, పప్పులు పడతాయో లేదో ముందే వాళ్ళ అమ్మని అడిగేయండి.

రంగు కావాలంటే పిండిలో పావు వంతు తీసి రెండు టీస్పూన్ల కోకో పౌడర్, అర చెంచా పాలు కలపండి, ఎలుగుబంటి తయారు. సింహానికి చిటికెడు పసుపు, అంతకు మించితే వాసన వస్తుంది. బీట్‌రూట్ రసం పచ్చిగా ఉన్నప్పుడు ఎంతో బాగుంటుంది కానీ కాలేసరికి గోధుమరంగుకి తిరుగుతుంది, గులాబీ రంగు చేప కోసం ఆశపడ్డ పిల్లలు నిరాశపడతారు. ఆ రంగుని కాల్చాక ఐసింగ్‌లో వేసుకోవడమే మంచిది.

కాల్చడం: ఇది పెద్దవాళ్ళ పని

ఓటీజీ (రాడ్లతో వేడెక్కే చిన్న కరెంటు ఓవెన్) తలుపు, పైభాగం రెండూ బాగా వేడెక్కుతాయి, తలుపు తెరిస్తే సరిగ్గా పిల్లల ముఖం ఎత్తుకి వస్తుంది. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, గీత దాటకూడదని ఆటలాగా చెప్పండి, మామూలుగా వద్దంటే వినని పిల్లలు కూడా గీత అంటే ఆగుతారు.

170 డిగ్రీల దగ్గర, కిందా పైనా రెండు రాడ్లూ ఆన్‌లో ఉంచి పది పదిహేను నిమిషాలు ముందే వేడి చేయండి. ఆ సమయంలో బిస్కెట్ల ట్రే ఫ్రీజర్‌లో ఉండాలి, ట్రే పట్టకపోతే ఫ్రిజ్‌లో. చల్లటి బిస్కెట్ వేడి ఓవెన్‌లోకి వెళ్తే వెన్న కరిగేలోపే అంచులు గట్టిపడతాయి, ఆకారం నిలిచేది అక్కడే. మధ్య అరలో పది నుంచి పదమూడు నిమిషాలు. తొమ్మిదో నిమిషం నుంచి అక్కడే నిలబడి చూడండి, సగంలో ట్రేని అటుది ఇటు తిప్పండి. పెద్ద ఏనుగులు, చిన్న నత్తలు ఒకే ట్రేలో పెట్టకండి, ఒకటి కాలేలోపు ఇంకొకటి మాడుతుంది. ఒకే ట్రే ఉంటే చిన్నవి మధ్యలో, పెద్దవి అంచుల్లో పెట్టండి. బెల్లంతో చేసినవైతే 160 చాలు.

మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లో (ఓవెన్‌లా వేడి గాలితో కాల్చే పద్ధతి) మాత్రమే, 160 దగ్గర. ఉత్త మైక్రో మోడ్‌లో బిస్కెట్ కాలదు, లోహపు ట్రే అందులో పెట్టకూడదు కూడా.

ఓవెన్ లేనివాళ్ళు మందపాటి పాత గిన్నె తీసుకుని, అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, మీద స్టాండు పెట్టి, మూత పెట్టి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. కుక్కర్ వాడితే గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. నాన్‌స్టిక్ గిన్నె వాడకండి. బిస్కెట్లున్న పళ్ళెం స్టాండు మీద పెట్టి, మంట తగ్గించి, పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఉంచండి. ఇందులో పైన రంగు రాదు, అడుగు మాత్రం తొందరగా ఎర్రబడుతుంది, కాబట్టి పైన తెల్లగా ఉందని ఇంకా ఉంచకుండా ఒకటి తిప్పి అడుగు చూడండి.

ఓవెన్‌లోంచి తీసేటప్పుడు అంచులు లేత బంగారు రంగులో, మధ్యలో ఇంకా మెత్తగా ఉండాలి. మెత్తగా ఉందని భయపడి మళ్ళీ లోపల పెడతారు చాలామంది, అప్పుడే పళ్ళకి గట్టిగా తగిలే బిస్కెట్లు తయారవుతాయి. చల్లారుతూ అదే కరకరలాడుతుంది. ఐదు నిమిషాలు ట్రేలోనే కదపకుండా ఉంచి, తర్వాత జాలీ మీదకి మార్చి, పూర్తిగా చల్లారాకే పిల్లల చేతికి ఇవ్వండి.

విరిగిన కాళ్ళూ ఐసింగూ

ఐసింగ్ చేయడం కష్టమేం కాదు. 100 గ్రాముల మెత్తటి పంచదార పొడిలో మూడు నాలుగు టీస్పూన్ల నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ, చెంచా ఎత్తితే మెల్లగా జారేలా కలిపి, చిన్న కవర్లో పోసి మూల సూది మొనంత కత్తిరించండి. విరిగిన కాలు దీనితో అతికించి గంట ఆరనిస్తే నిలబడుతుంది. బిస్కెట్ గోరువెచ్చగా ఉన్నా ఐసింగ్ కారిపోతుంది. సాయంత్రం దాకా ఆగి, అప్పుడు పిల్లలకి రెండో విడత పనిగా ఇవ్వండి.

మిగిలినవి గాలి దూరని డబ్బాలో పెడితే పది రోజులు బాగుంటాయి. వానాకాలంలో మెత్తబడితే 150 దగ్గర నాలుగైదు నిమిషాలు వేడి చేసి చల్లార్చండి, ఐసింగ్ లేనివైతేనే. ఫ్రిజ్‌లో ఉన్న రెండో పిండి బిళ్ళ ఆ రోజు వాడకపోతే మూడు రోజుల లోపు వాడేయండి, ఫ్రీజర్‌లో పెడితే నెలదాకా ఉంటుంది, చేయాలనుకున్న ముందు రాత్రి కిందికి ఫ్రిజ్‌లోకి మార్చుకుంటే పొద్దున్నకి ఒత్తడానికి సిద్ధంగా ఉంటుంది.